తడి గోడ అవతల

పనివాళ్ళ షెడ్డు నుంచి,
జనవరి 11

అక్కా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. స్కూలు బిల్డింగు పని అని చెప్పి వచ్చాను కదా, అది అబద్ధం. ఇక్కడ స్కూలూ లేదు, పాడూ లేదు. చుట్టూ తీగ కంచె, మధ్యలో ఒక ఉత్తుత్తి వీధి. ఇళ్ళుంటాయి, కిటికీలుంటాయి, మెట్లుంటాయి, కాపురం మాత్రం ఎవరూ చెయ్యరు. పోలీసులు జనం ఇళ్ళలోకి ఎలా దూరాలో ఇక్కడ నేర్చుకుంటారు. పొద్దున వాళ్ళు గోడ పేలుస్తారు, మధ్యాహ్నం మేం మళ్ళీ కడతాం. తాపీ పట్టినోడికి ఇంతకంటే గ్యారంటీ ఉద్యోగం ఇంకెక్కడా ఉండదని మా మేస్త్రి నవ్వుతాడు.

ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. అందుకే ఈ ఉత్తరం. సిమెంటు లారీ డ్రైవరు పోస్టు డబ్బాలో వేస్తాడు. నువ్వు అతని ఇంటి అడ్రసుకే రాయి, కవరు వెనక ఉంది. తప్పులు చూసి నవ్వకు. ఎనిమిదిలో మానేసినోడి రాత ఇంతే.

ఎందుకొచ్చానో కూడా చెప్పేస్తా. ఆయన ఇక్కడే ఉన్నాడు అక్కా. పెట్టె సారు. పేరుతో ఎవరూ పిలవరు, ఎప్పుడూ ఆ పెట్టె మోసుకుని తిరుగుతాడని అందరూ అలాగే అంటారు. అది రాడార్. గోడకి ఆనించి పట్టుకుంటే అవతల మనిషి ఎక్కడున్నాడో తెరమీద చుక్కలా చూపిస్తుంది. మనిషి కదలక్కర్లేదు, ఊపిరి పీలిస్తే ఛాతీ పొంగుతుంది చూడు, ఆ కాస్త చాలట దానికి.

మరి ఆ రోజు బావ ఊపిరి పీల్చటం లేదా? పొద్దున పదకొండు గంటలకి, సెలవు రోజు, నడుముకి తువ్వాలు చుట్టుకుని వెనక గదిలో నిక్షేపంలా నిలబడి ఉన్నాడు. పోలీసులు ముందు వాటాలో అద్దెకున్నవాడి కోసం వచ్చారు. వాడికి చుక్క కనిపించింది. మన గదికి చుక్క లేదు. ఖాళీ అన్నారు. ఖాళీ గది గోడ పేల్చుకుని వెనక నుంచి దూరారు. వాళ్ళకి కావలసినవాడు ఒంటి మీద గీత కూడా పడకుండా దొరికాడు. బావ ఇటుకల కింద దొరికాడు.

ఆరా తీసి మరీ వచ్చాను, ఆ రోజు పెట్టె పట్టుకున్న చెయ్యి ఈయనదే. రోజూ నా ముందు నుంచే నడిచి వెళ్తున్నాడు. ఏం చెయ్యాలో ఇంకా అనుకోలేదు. ఊరికే మాత్రం తిరిగి రాను.

నీ తమ్ముడు

కుట్టు ఫ్యాక్టరీ, భోజనాల గది,
జనవరి 20

ఒరేయ్ చిన్నోడా,

తిట్టుకోమన్నావుగా, తిడుతూనే ఉన్నాను. పక్క మిషనావిడ నాకు జ్వరమొచ్చి పలవరిస్తున్నాననుకుంది.

నీకసలు బుర్ర ఉందా? పోలీసుల కంచె లోపలికి పోయి పోలీసు మీద పగ తీర్చుకుంటావా? పట్టుకుంటే నీకోసం నేను ఏ గేటు దగ్గర నిలబడాలి? నాకు మిగిలింది నువ్వొక్కడివి. ఉత్తరం అందగానే లారీ ఎక్కి వచ్చెయ్. మేస్త్రితో అక్కకి ఒంట్లో బాలేదని చెప్పు. అబద్ధాలు నీకు కొత్తేం కాదు.

ఇక్కడ ఏం మారలేదు. గుండీల కాజాలు కుట్టే మిషన్ ఆగిపోతే కొత్త మెకానిక్కు మూడు గంటలు దాని కింద పడుకున్నాడు. మీ బావైతే చెవి పెట్టి విని, ఇక్కడ నట్టు వదులైంది అని లేచేవాడు. సూపర్‌వైజరు నా వైపు చూసి తల దించుకున్నాడు. వెనక గదికి పట్టా కట్టే ఉంది. గాలి వస్తే టపటపా కొట్టుకుంటుంది.

ఆ పెట్టె మనిషి ఎలా ఉంటాడు? సన్నగా, కాస్త వంగి నడుస్తాడా? ఊరికే అడిగాను. రావడం మాత్రం మర్చిపోకు.

అక్క

పనివాళ్ళ షెడ్డు నుంచి,
ఫిబ్రవరి 8

అక్కా,

సన్నగానే ఉంటాడు. వంగే నడుస్తాడు. నీకెలా తెలుసు? టీవీలో చూశావా?

ఇక్కడ మాకింకో పని కూడా చెప్తారు, విను. ఊపిరి డ్యూటీ. నిజంగా అలాగే అంటారు. వాళ్ళు రాడార్ నేర్చుకోవాలంటే గోడ వెనక ఎవరో ఒకరు ఉండాలి కదా. పోలీసులకి కుర్చీలో కదలకుండా కూర్చోవడం నామోషీ. అందుకని ఇద్దరు ముగ్గురు తాపీవాళ్ళని లాక్కెళ్ళి గదిలో కూర్చోబెట్టి, కదలకండి, ఊపిరి మాత్రం పీల్చండి అంటారు. మా మేస్త్రి ప్రతిసారీ నిద్రపోతాడు. గురక పెడితే తెరమీద చుక్క గంతులేస్తుందట.

మొన్న నా వంతు వచ్చింది. గోడకి అవతల పెట్టె సారు. మధ్యలో తొమ్మిది అంగుళాల ఇటుక, నేను కట్టిందే. నేనేమో గోడ వైపు చూస్తూ మనసులో వాణ్ణి చీల్చి ఆరేస్తున్నా. బయట నుంచి ఆయన శిష్యులకి చెప్తున్నాడు. "కుడివైపు చుక్క చూడండి, నిద్రపోతున్నాడు. ఎడమవైపు చుక్క చూడండి. కూర్చునే ఉన్నాడు, ఊపిరి మాత్రం పరిగెత్తొచ్చినవాడిలా ఉంది. ఇలాంటివాడి జోలికి వెళ్ళేటప్పుడు జాగ్రత్త."

ఎడమవైపు చుక్క నేనే.

బయటికి రాగానే నా దగ్గరికొచ్చి, "ఏం తమ్ముడూ, ఎవరి మీద అంత కోపం?" అన్నాడు. మంచినీళ్ళ సీసా చేతికిచ్చాడు. తాగేశాను అక్కా. వాడి చేతి నీళ్ళు తాగినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంతవరకూ నవ్వుతూ రాశాను. ఇక్కడ నుంచి చెయ్యి రావటం లేదు.

ఇక్కడొక పద్ధతి ఉంది. కొత్తగా పూత పూసిన గోడని రెండు వారాలు ఎండబెట్టాకే రాడార్‌కి వాడతారు. ఎందుకని మేస్త్రిని అడిగాను. తడి గోడలో నుంచి దానికి ఏమీ కనపడదు, నీళ్ళు దాని చూపు తాగేస్తాయి అన్నాడు. గోడ తడిగా ఉంటే వెనక ఏనుగున్నా తెర ఖాళీయేనట.

ఆ గోడకి పూత పూసింది ఎవరు అక్కా? నేను. రెండు రోజుల ముందు. లోపలా బయటా. వెళ్ళేటప్పుడు బావకి ఏం చెప్పాను? "బావా, వారం రోజులు మూడు పూటలా నీళ్ళు కొట్టు, లేకపోతే బీటలిస్తుంది, తర్వాత నన్ననకు" అన్నాను. ఆ రోజు పొద్దున పైపు పట్టుకుని ఆయన చేస్తున్నది అదే.

నీకు ముందే తెలుసా?

కుట్టు ఫ్యాక్టరీ, భోజనాల గది,
ఫిబ్రవరి 17

చిన్నోడా,

తెలుసు. నాలుగు నెలల నుంచి తెలుసు. నీకు తెలియకూడదనే నోరు మూసుకున్నాను.

ఇప్పుడు నేను రాసేది నెమ్మదిగా చదువు. నువ్వు నీళ్ళు కొట్టమన్నావు. ఆయన కొట్టాడు. ప్రతి ఇంట్లో ప్రతి తాపీవాడూ చెప్పేదే నువ్వూ చెప్పావు. గోడ పేల్చమని నువ్వు చెప్పలేదు. ఇంకోసారి నా గోడ, నా పూత, నా నీళ్ళు అని ఏడిస్తే వచ్చి చెంప పగలగొడతాను. ఆయన చావులో నీకు వాటా ఇవ్వను. ఆ వాటా వేరేవాళ్ళది, అందులో గోరంత కూడా తగ్గించను.

విచారణ అప్పుడు నేను అడిగి తీసుకున్న కాగితం నకలు ఇనప్పెట్టెలో ఉంది. గదికో వరస. ఒక్కో వరసలో రెండే గళ్ళు, ఉన్నారు, లేరు. వెనక గదికి లేరు దగ్గర టిక్కు ఉంది. కింద ఒక సంతకం ఉంది. టిక్కు పెట్టిన చెయ్యి వేరు, సంతకం పెట్టిన చెయ్యి వేరు. సిరా రంగే వేరు. ఆ సంతకం పెట్టిందెవరో అక్కడ కనుక్కో.

రమ్మని ఈసారి అడగటం లేదు, గమనించావా.

అన్నం సరిగ్గా తిను. ఎండలో తలకి గుడ్డ కట్టుకో.

అక్క

పనివాళ్ళ షెడ్డు నుంచి,
మార్చి 14

అక్కా,

నువ్వు తిట్టిన తిట్టుకి రెండు రోజులు బాగా నిద్రపట్టింది. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నా.

సంతకం ఎవరిదో తెలిసింది. ఇక్కడ అందరికీ పైవాడు, విజిల్ సారు. ఆ రోజు మన ఇంటి ముందు నిలబడి చేయించింది ఆయనే. ఆ తర్వాతే ప్రమోషన్ ఇచ్చి ఈ మైదానం మొత్తం చేతికిచ్చారట. మెడలో విజిల్ వేలాడుతుంటుంది, భోజనానికి కూడా విజిలే. కానీ అక్కా, ఆయన రోజుకి ఇరవై కాగితాల మీద సంతకం పెడతాడు, చూడను కూడా చూడడు. ముందు టిక్కు పెట్టింది ఎవరు? పెట్టె పట్టుకున్నవాడు. కళ్ళున్నవాడు. వాడు లేరు అనకపోతే ఈయన సంతకం దేని మీద పెడతాడు? నా లెక్కలో మొదటివాడు వాడే.

ఏం చెయ్యాలో ఇప్పుడు తెలిసింది.

ఏప్రిల్ 22న వేరే ఊళ్ళ నుంచి పెద్ద పోలీసాఫీసర్లు వస్తున్నారు. యాభై కుర్చీలు వేస్తారు. వాళ్ళందరి ముందు పెట్టె సారు రాడార్ పెట్టి ఏ గదిలో ఎవరున్నారో చెప్తాడు. కాగితం మీద టిక్కు, విజిల్ సారు సంతకం. తర్వాత ఖాళీ గది గోడకి పేలుడు మందు అతికిస్తారు. మొదటి విజిల్‌కి అందరూ దూరం జరగాలి, రెండో విజిల్‌కి పేలుస్తారు.

ఈసారి పేల్చేది మూడో ఇంటి వెనక గోడ, అది నా చేతిలో ఉంది. ముందురోజు బీట వచ్చింది, అతుకేస్తానని మేస్త్రికి చెప్పి గోడంతా మళ్ళీ పూత పూస్తాను, తెల్లారేదాకా తడుపుతాను. ఎండకి పైన ఆరినట్టు కనపడుతుంది, లోపల ముద్దలా ఉంటుంది. నేను ఆ గదిలో ఉంటాను. పెట్టె సారు వస్తాడు. తెర ఖాళీ. లేరు అని టిక్కు పెడతాడు, యాభై మంది చూస్తుండగా. సంతకం పడ్డాక, మొదటి విజిల్ కంటే ముందే, పక్క గుమ్మంలో నుంచి నేను నడుచుకుంటూ బయటికొస్తాను. ఊపిరి పీలుస్తూ. పోయిన ఏడాది ఇలాగే ఇంకొకడున్నాడు సారూ అంటాను.

వాడి ముఖం చూడాలి అక్కా. అంతే నాకు కావలసింది. ఆ తర్వాత వాడు ఆ పెట్టెని ఇంకెప్పుడూ ముట్టుకోకూడదు, ఎవడూ వాడి మాట నమ్మకూడదు.

గుమ్మానికి తలుపు లేదు, ఉత్త గోనెపట్టా. భయపడకు.

కుట్టు ఫ్యాక్టరీ, భోజనాల గది,
మార్చి 25

చిన్నోడా,

మూడుసార్లు చదివాను.

వద్దు అనను. అన్నా నువ్వు వినవు. ఇది కాకపోతే ఇంకో రోజు ఏ గునపమో తీసుకుంటావు, నాకు తెలుసు నీ సంగతి. ఇదే మేలు.

మూడు మాటలు. సంతకం పడిన వెంటనే బయటికి రా, ఆలోచిస్తూ కూర్చోకు. ఆ పూట కడుపు నిండా తిని వెళ్ళు. గుమ్మం ముందే చూసుకో.

ఎన్ని గంటలకో రాయి. ఆ సమయానికి మిషన్ దగ్గర ఉండను, సెలవు పెడతాను.

అక్క

పనివాళ్ళ షెడ్డు నుంచి,
ఏప్రిల్ 24

అక్కా,

బతికే ఉన్నాను. ముందు అది రాస్తున్నా. తర్వాత నీతో గొడవుంది.

అనుకున్నట్టే పూత పూశాను, తడిపాను. పొద్దున తొమ్మిదిన్నరకే గదిలో దూరాను. మూలన సిమెంటు సంచుల వెనక కూర్చున్నా. గోడ నుంచి చల్లదనం తగులుతోంది. మన ఇంట్లో వాసనే. బావ ఇదే వాసన పీలుస్తూ నిలబడ్డాడనుకున్నా.

నీకు రాసినట్టే పది గంటలకి కుర్చీల చప్పుడు. ఎవరో పక్క గుమ్మం వైపు నడిచొచ్చిన అడుగులు. లేచేలోపే పట్టా తీసి, ఇనప రేకు తలుపు అడ్డంపెట్టి బయట నుంచి గడియ వేశాడు. అతిథుల కళ్ళకి గుమ్మం నీటుగా కనపడాలని కొత్తగా తెచ్చారట. నేను అరవలేదు. ఎందుకో తెలుసా? అరిస్తే అంతా పాడైపోతుందని. సంతకం పడ్డాక తలుపు బాదుదాంలే అనుకున్నా. నా అంత వెధవ ఇంకోడుంటే చూపించు.

పెట్టె సారు గోడ దగ్గరికొచ్చాడు. పెట్టె ఆనించిన చప్పుడు నాకు ఇవతలికి వినిపించింది. తర్వాత గోడని చేత్తో తడిమాడు. ఇక్కడా, అక్కడా. నేను ఊపిరి గట్టిగా పీలుస్తున్నా, చూడరా చూడు అన్నట్టు.

"ఏమయ్యా, చెప్పు" అన్నాడు విజిల్ సారు, మైకులో.

"సార్, గోడ తడిగా ఉంది. నాకు కనపడటం లేదు."

"తెరమీద చుక్కుందా?"

"లేదు సార్."

"చుక్క లేకపోతే మనిషి లేడు. టిక్కు పెట్టు."

"మనిషి లేడని నేను చెప్పలేను సార్. ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఆ కాగితంలో తెలియదు అనే గడి లేదు."

కుర్చీల్లో ఎవరో నవ్వారు. విజిల్ సారు కూడా నవ్వాడు. "మావాడికి ఈమధ్య గోడలంటే భయమండీ" అన్నాడు. కాగితం లాక్కున్న చప్పుడు. "ఇదిగో, నేనే పెడుతున్నా టిక్కు. ఇదిగో సంతకం. మందు అంటించండి."

అక్కా, అప్పుడు బాదాను. రేకు తలుపు మీద రెండు చేతులతో బాదాను. అదే సమయానికి వాళ్ళ జనరేటరు స్టార్టయింది. నా అరుపు నాకే వినపడలేదు. గోడకి మందు అంటిస్తున్న అదురు మాత్రం తెలుస్తోంది, టప్, టప్ మని. మొదటి విజిల్ మోగింది. నేల మీద కూలబడి కూడా బాదుతూనే ఉన్నాను. ఇంకేమైందో కూడా రాస్తా, నీ దగ్గర సిగ్గేముంది. గోడ తడికి బట్టలు ముందే తడిసి ఉన్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

రెండో విజిల్ మోగలేదు. పెట్టె సారు గోడకి వీపు ఆనించి నిలబడ్డాడట, మందు మీదే. "నేను జరగను. ముందు లోపల చూడండి. లోపల ఎవరూ లేకపోతే నా ఉద్యోగం తీసెయ్యండి" అన్నాడట. ఇద్దరు లాగినా కదల్లేదట. ఆ గొడవకి ఎవరో జనరేటరు ఆపారు. అప్పుడు నా బాదుడు అందరికీ వినిపించింది.

గడియ తీశారు. యాభై మంది లేచి నిలబడ్డారు. నేను కలగన్నట్టు నడుచుకుంటూ రాలేదు అక్కా, పాక్కుంటూ వచ్చాను. చెప్పాలనుకున్నది మాత్రం చెప్పాను. "పోయిన ఆగస్టులో ఇలాంటి గోడ వెనకే మా బావ ఉన్నాడు. ఆ కాగితం మీదా ఈ సారు సంతకమే. కావాలంటే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి." పెట్టె సారు వైపు చూపిద్దామని ఎత్తిన వేలు, అదే విజిల్ సారు వైపు తిరిగిపోయింది. ఆయన చేతిలో పెన్ను ఇంకా మూత పెట్టకుండానే ఉంది. అతిథుల్లో తెల్లజుట్టు ఆవిడ ఒకరు వచ్చి ఆ కాగితం ఆయన చేతిలో నుంచి తీసుకుని, మడిచి తన ఫైల్లో పెట్టుకుంది.

ఆ ముఖం చూశాను. నేను చూద్దామనుకున్న ముఖం కాదు, కానీ చూశాను. సున్నం కొట్టినట్టుంది.

ఇప్పుడు గొడవ.

సాయంత్రం పెట్టె సారు షెడ్డుకి వచ్చాడు. వీపంతా తడి మట్టి. "నువ్వు ఆవిడ తమ్ముడివని నాకు తెలియదు, లోపల ఉంటావనీ తెలియదు" అన్నాడు. జేబులో నుంచి ఒక ఉత్తరం తీశాడు. నీ రాత, అక్కా. ర కింద ఆ వంకర నాకు తెలియదా? తడి గోడ ఎదురైతే మళ్ళీ టిక్కు పెడతావా అని రాశావట. తేదీ ఏప్రిల్ 2.

అంటే వీడు నీకు ముందే తెలుసు. వీడేం చేస్తాడో తెలియకుండానే, వీడి ఒక్క మాట మీద నా ప్రాణం పందెం కాశావా? వీడు మళ్ళీ టిక్కు పెట్టి ఉంటే? వీణ్ణి క్షమించేశావా నువ్వు? నాకు చెప్పకుండా?

నిజం రాయి. ఈసారి అన్నం తిను, గుడ్డ కట్టుకో అని రాసి తప్పించుకోకు.

ఇంటి నుంచి,
మే 19

చిన్నోడా,

జవాబు ఆలస్యమైంది. గడియ మాట చదివిన రోజు కాజా మిషన్ సూది నా చూపుడు వేలు గోట్లో నుంచి అవతలికి దిగింది. ఇప్పుడిప్పుడే పెన్ను పట్టగలుగుతున్నాను.

నిజం రాయమన్నావు. రాస్తాను.

ఆయన పోయిన మూడో నెలలో ఆ పెట్టె మనిషి మన ఇంటికొచ్చాడు. నువ్వు పనికి వెళ్ళావు. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. గోడ తడిగా ఉంది, కనపడటం లేదు అని ఆ రోజు నోటితో చెప్పాడట. చుక్క లేకపోతే మనిషి లేడు, టిక్కు పెట్టు అన్నాడట ఆ విజిలోడు. ఇతను పెట్టాడు. పెట్టకుండా ఉండాల్సింది అని ఏడ్చాడు. అడ్రసు రాసిచ్చి, ఎక్కడికి పిలిచినా వచ్చి చెప్తాను అన్నాడు. నేను తలుపు వేసుకున్నాను. నీకు చెప్తే ఆ సాయంత్రమే వాణ్ణి పొడిచి జైలుకి పోతావని చెప్పలేదు.

ఉత్తమాటగా వాడి సాక్ష్యం ఎందుకు పనికొస్తుంది? టిక్కు పెట్టినవాడే నన్ను పెట్టించారు అంటే ఎవరు నమ్ముతారు? విజిలోడు నేనలా అనలేదు అంటే అయిపోయింది. వాడు మళ్ళీ అదే మాట అనాలి, అందరి ముందూ. అదే చేత్తో మళ్ళీ సంతకం పెట్టాలి. నీ ప్లాను చదివినప్పుడు నాకు కనిపించింది అది. నువ్వు చిన్నవాడి కోసం ఉచ్చు పన్నావు. నేను దాన్ని పెద్దవాడి వైపు జరిపాను.

లోపల మనిషి ఉంటాడని పెట్టె మనిషికి రాయలేదు. రాస్తే నీ కోసం భయపడి చేసేవాడు. తెలియదు అనే మాట తెలియకుండానే అనాలి. అప్పుడే అది నిజం.

పందెం కాశావా అన్నావు. కాశాను. గుమ్మానికి గోనెపట్టా ఉందన్నావు, దాన్ని నమ్మి కాశాను. గడియ ఉంటుందని నాకు తెలియదు. అది తెలిసి ఉంటే కంచె దూకైనా వచ్చి నిన్ను లాక్కెళ్ళేదాన్ని. ఇది నువ్వు నమ్మినా నమ్మకపోయినా సరే. ఆ పూట పది నుంచి పన్నెండు దాకా వీధి గడప మీద కూర్చుని ఎన్నిసార్లు ఊపిరి బిగపట్టానో నాకు తెలుసు. నా మీద కోపం ఉంచుకో. వద్దనను. కోపం ఉన్నన్నాళ్ళు నువ్వు ఉన్నట్టే కదా నాకు.

పెట్టె మనిషిని క్షమించానా అన్నావు. లేదు. సాక్ష్యం చెప్పనీ, ఆ తర్వాత ఆలోచిస్తాను.

ఇక్కడి సంగతి విను. తెల్లజుట్టావిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టించింది. విజిలోణ్ణి పదవిలో నుంచి పక్కనపెట్టారు. కేసు మళ్ళీ తెరిచారు, వచ్చే నెల ఏడున మొదటి వాయిదా. ఈ ఆదివారం పొద్దున వాడు ఇంటికొచ్చాడు. మామూలు బట్టల్లో, ఒక్కడే, రాజీ అడగటానికి. విజిల్ లేకపోతే మెడ ఇంత సన్నగా ఉంటుందా అనిపించింది.

లోపలికి రమ్మనలేదు. వెనక్కి తీసుకెళ్ళాను. పట్టా పక్కకి లాగి, ఎండలో నిలబెట్టాను. "ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి" అన్నాను. మొదలుపెట్టాడు. "మేం వచ్చాం, ముందు గదిలో ఒకడున్నాడు, వెనకది ఖాళీ గది..."

"మళ్ళీ మొదటి నుంచి" అన్నాను.

మళ్ళీ చెప్పాడు. మళ్ళీ ఖాళీ గది అన్నాడు. "మళ్ళీ" అన్నాను. మూడోసారికి చెమట గడ్డం నుంచి కారుతోంది. ఖాళీ అనుకున్న గది అన్నాడు. "మళ్ళీ" అన్నాను. పక్కింటివాళ్ళు మేడ మీదికొచ్చారు. కూరలబ్బాయి బండి ఆపేశాడు. నాలుగోసారికి వీధి మొత్తం ఉంది. అప్పుడు తలొంచుకుని అన్నాడు, "మనిషి ఉన్న గది. మనిషి ఉన్న గది గోడ పేల్పించాను" అని. నేను వినలేదన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టాను. గట్టిగా చెప్పాడు.

"ఏడో తారీఖున ఇదే మాట అక్కడ చెప్పండి. ప్రతి వాయిదాకీ సెలవు పెట్టుకున్నాను. ముందు వరసలో కూర్చుంటాను" అన్నాను.

వెళ్ళబోతూ చేతులు జోడించాడు. "నా చెల్లెలు లాంటిదానివి అమ్మా. పెద్ద మనసు చేసుకో" అన్నాడు.

చెల్లెలినైతే చేసుకునేదాన్నేమో అన్నాను. నేను ఆ గదిలో ఉన్న మనిషి భార్యని.

అక్క